రేస్ దిగకపోతే త్రాటిల్ బాడీ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో పెట్రోలు కార్లు రిపేరు చేయబట్టి పందొమ్మిదేళ్లయింది. ఈ మధ్య మా షెడ్డుకు వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న మాట ఇది: "అన్నా, న్యూట్రల్లో ఉన్నా రేస్ దిగడం లేదు. స్కానర్ పెట్టి చూసి త్రాటిల్ బాడీ పోయిందన్నారు, నిజమేనా?"

రేస్ అంటే ఇంజన్ తిరిగే వేగం, ఆర్పీఎం. త్రాటిల్ బాడీ అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలిని ఒక ప్లేటుతో అదుపు చేసే భాగం. అది పోయి ఉండొచ్చు, పోకుండానూ ఉండొచ్చు. స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే మిషన్) మాత్రం ఆ మాట చెప్పలేదు.

అపోహ: ఏ పార్టు పోయిందో స్కానర్ చెబుతుంది.

ఇలాంటి బండికి ఎక్కువగా వచ్చే కోడ్ పి0507. ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడిచేటప్పుడు) ఆర్పీఎం ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది అని దాని అర్థం. డాష్‌బోర్డులో ముల్లు చూసి మీరు చెప్పింది కూడా అదే కదా! ఎందుకు ఎక్కువైందో ఆ కోడ్‌లో లేదు. అది వెతకడమే మా పని. వెతకకుండా కోడ్ చూపించి కొత్త పార్టు బిల్లు వేస్తే నష్టపోయేది మీరు. త్రాటిల్ బాడీ మార్చినా రేస్ దిగదు, తర్వాత సెన్సర్ అంటారు, అదీ కాకపోతే ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) అంటారు.

ఐడిలింగ్‌లో త్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజన్ ఆగిపోకుండా ఎంత గాలి కావాలో అంతే వెళ్లేలా ఈసీఎం చూసుకుంటుంది. ప్లేటు దాటిన తర్వాత ఎక్కడైనా పైపు పగిలినా, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) గాస్కెట్ వదులైనా అక్కడి నుంచి దొంగ గాలి లోపలికి దూరుతుంది. మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) ఉన్న బండ్లలో మానిఫోల్డ్‌లో ప్రెషర్ పెరిగిందని సెన్సర్ చెప్పగానే ఈసీఎం దానికి తగినంత పెట్రోలు కూడా పోస్తుంది. గాలీ పెరిగింది, పెట్రోలూ పెరిగింది, రేస్ లేచి కూర్చుంది. త్రాటిల్ బాడీ తప్పు ఇందులో ఏమీ లేదు. కొత్తది బిగించినా పగిలిన పైపు అలాగే ఉంటుంది కాబట్టి రేస్ కూడా అలాగే ఉంటుంది.

పోయినేడు ఎండాకాలంలో ధర్మవరం నుంచి రిటైరైన మాస్టారొకాయన వచ్చారు. అప్పటికే ఇంకోచోట త్రాటిల్ బాడీ మార్పించి పద్నాలుగు వేలు కట్టారు. అయినా ఇంజన్ వేడెక్కాక కూడా రేస్ 1700 దగ్గరే ఉంది. "ఇంజన్ బోరుకొచ్చిందంటావా నాయనా?" అని అడుగుతుంటే ఆయన గొంతు వణుకుతోంది. బోరుకూ (సిలిండర్ అరుగుదలకూ) దీనికీ సంబంధం లేదని చెప్పి కూర్చోబెట్టాను. తర్వాత, "బ్రేకు ఎట్లుంది సార్?" అని అడిగాను.

"నెల నుంచి గట్టిగా తొక్కాల్సి వస్తోంది. వయసు కదా, కాళ్లలో సత్తువ తగ్గిందేమో అనుకున్నా" అన్నారు.

బ్రేకు తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్ పనిచేసేది మానిఫోల్డ్ వాక్యూమ్‌తోనే (లోపలికి గాలి లాగే శక్తితోనే). ఆ పైపు పగిలితే రేస్ లేస్తుంది, బ్రేకూ గట్టిపడుతుంది. ప్లయర్‌కు గుడ్డ చుట్టి, మానిఫోల్డ్ దగ్గర బూస్టర్ పైపును నొక్కిపట్టాను. ముల్లు 800కు దిగింది. వదిలితే మళ్లీ పైకి. పైపు ఊడదీసి చూస్తే క్లిప్పు పక్కన, అడుగువైపు పొడవుగా పగులు. పైనుంచి చూస్తే కనపడదు. పైపు ఖరీదు 450 రూపాయలు. ఆ పద్నాలుగు వేలకంటే, అలాంటి బ్రేకుతో ఆయన నెల రోజులు మనవరాలిని స్కూలుకు దింపి వచ్చారన్నదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బ్రేకు సంగతి ఆయన్ను ఎవరూ అడగలేదు.

మన ఎండలకు, బానెట్ కింద వేడికి రబ్బరు పెళుసెక్కుతుంది. బండి పది రోజులు కదలకపోతే ఎలుకలు కూడా పైపులు కొరుకుతాయి. అందుకే నేను ముందు పైపులే చూస్తాను: బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కు తీసుకెళ్లేది), ఆ తర్వాత గాస్కెట్. మా మేస్త్రీ కార్బొరేటర్ల కాలం మనిషి. మూరెడు రబ్బరు పైపు ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొస ఇంజన్ చుట్టూ తిప్పుతూ "స్స్" శబ్దం ఎక్కడుందో పట్టేవాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను. చెవికి అందని సన్న లీకేజీకి ఇంజన్ ఆపి స్మోక్ మిషన్‌తో పొగ పెట్టి చూడటమే మంచి దారి. కొందరు నడుస్తున్న ఇంజన్ మీద పెట్రోలు చల్లి వెతుకుతారు. దయచేసి మీ బండికి అలా చేయనివ్వకండి, వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడితే మంట లేస్తుంది.

అపోహ: త్రాటిల్ బాడీ క్లీనింగ్ చేశాక రేస్ పెరిగింది కాబట్టి అది పాడైంది.

దీనికి కూడా చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. కార్బన్ పట్టి గాలి దారి ఇరుకైనప్పుడు ఈసీఎం ప్లేటును కాస్త ఎక్కువ తెరవడం అలవాటు చేసుకుంటుంది. కార్బన్ తీసేశాక కూడా అదే అలవాటుతో తెరిస్తే గాలి ఎక్కువ పోతుంది. రీలెర్నింగ్ చేయాలి, అంటే ఈసీఎంకు ప్లేటు ఎంత తెరవాలో మళ్లీ నేర్పాలి. కొన్ని బండ్లకు స్కానర్‌తో, కొన్నింటికి కీ ఆన్, ఆఫ్ పద్ధతిలో, కొన్ని కాసేపు ఐడిలింగ్‌లో ఉంచితే వాటంతటవే సర్దుకుంటాయి. కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. కొత్తలో ఇది తెలియక ఒక కస్టమర్‌ను రెండు రోజులు తిప్పించుకున్నాను, ఆయనకు చేసిన ఇబ్బంది ఇంకా గుర్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. పొద్దున్నే స్టార్ట్ చేయగానే 1200, 1500 చూపించి కొన్ని నిమిషాల్లో దిగితే అది జబ్బు కాదు, టెన్షన్ పడొద్దు. ఏసీ వేస్తే కొంచెం లేవడమూ మామూలే. ఇంజన్ వేడెక్కాక చాలా కార్లు 700 నుంచి 900 లోపు ఉంటాయి. వేడెక్కినా దిగకపోతే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ రీడింగ్ చూడమనండి. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని అది తప్పు చెబితే ఈసీఎం రేస్ దించదు. థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వు) తెరుచుకుని ఉండిపోయి ఇంజన్ నిజంగానే వేడెక్కకపోయినా అంతే. కేబుల్ ఉన్న పాత బండి అయితే కేబుల్ బిగుతు చూడాలి. ఫ్లోర్ మ్యాట్ జరిగి యాక్సిలరేటర్ మీద పడిన బండ్లు కూడా మా షెడ్డుకొచ్చాయి.

త్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పి రేస్ తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. అది కార్బొరేటర్ మీద రేస్ సర్దడానికి ఉండే స్లో స్క్రూ కాదు, కంపెనీలో సెట్ చేసి వదిలినది. దాన్ని కదిలిస్తే అసలు లోపం అలాగే ఉండి, పైన ఇంకో లోపం చేరుతుంది.

షెడ్డుకు వెళ్లినప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేస్ ఎంత, వేడెక్కాక ఎంత, బ్రేకు గట్టిపడిందా, ఇది మొదలయ్యే ముందు చివరిగా ఏ పని చేయించారు, ఇవి తప్పకుండా చెప్పండి. బ్రేకు గట్టిపడి ఉంటే మాత్రం బండి నడుపుకుంటూ రావద్దు. ఫోన్ చేసి మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోండి.