ఆరోగ్యశ్రీ బకాయిల గొడవకు మూలం 2007లోనే ఉంది

ఆరోగ్యశ్రీ సేవలు నిలిచిపోయాయన్న వార్త తెలుగువాళ్లకు కొత్త కాదు. 2019 ఆగస్టులో తెలంగాణలో నిలిచిపోయాయి. 2024 ఎన్నికల వేళ ఆంధ్రప్రదేశ్‌లో నిలిచిపోయాయి. 2025 సెప్టెంబరులో మళ్లీ తెలంగాణలో, ఆ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్‌లో. ఈ మధ్యలో రెండు చోట్లా ప్రభుత్వాలు మారాయి. ఏపీలో పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా, మళ్లీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీగా, తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవగా మారింది. గొడవ మాత్రం అదే. చేసిన వైద్యానికి రావాల్సింది వేల కోట్లలో ఉందని నెట్‌వర్క్ ఆసుపత్రుల, అంటే పథకంతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల, సంఘాలు అంటాయి. విడతలవారీగా ఇస్తూనే ఉన్నామని ప్రభుత్వాలు అంటాయి.

సేవలు ఆపిన రోజున ఆ ఆసుపత్రుల్లో ఏం జరుగుతుందో ముందు చూడాలి. ఆపరేషన్ థియేటర్ తెరిచే ఉంటుంది. డాక్టర్లు డ్యూటీలోనే ఉంటారు. నగదు కట్టినవారికి, కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్నవారికి స్టెంట్లు వేస్తూనే ఉంటారు. పథకం రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర కార్డు పట్టుకుని నిలబడ్డవారికి మాత్రం వచ్చే వారం రమ్మంటారు. అత్యవసర కేసులు చూస్తామని సంఘాలు తరచూ ప్రకటిస్తాయి. ఏది అత్యవసరమో తేల్చేది కూడా ఆసుపత్రే. ఆదాయంలో తేడా ఆరోగ్యంలో తేడాగా ఎలా మారుతుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క కౌంటర్ చాలు.

వైఎస్ పాదయాత్ర, పథకం పుట్టుక, 108 కుయ్ కుయ్‌లు అందరికీ తెలిసినవే. వాటిని వదిలేసి, ఎవరూ పెద్దగా మాట్లాడని 2004-07 మధ్య మూడేళ్ల దగ్గరికి వెళ్దాం.

అప్పట్లో పేదవాడి గుండె ఆపరేషన్‌కు దిక్కు ముఖ్యమంత్రి సహాయనిధి. ముందు ఆసుపత్రి నుంచి ఖర్చు అంచనా కాగితం తెచ్చుకోవాలి. దాన్ని పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చుని సిఫారసు లెటర్ రాయించుకోవాలి. ఆ తర్వాత హైదరాబాద్ బస్సెక్కాలి. తెలిసినవాళ్లు ఉంటే ఫైలు కదిలేది, లేకపోతే మరోసారి రావాల్సిందే. 2004 మే నుంచి 2007 జూన్ వరకు ఇలా సుమారు 55 వేల మందికి 168 కోట్ల రూపాయల పైచిలుకు ఇచ్చినట్టు ప్రభుత్వమే లెక్క చెప్పింది. సగటున మనిషికి ముప్ఫై వేలు. కార్పొరేట్ ఆసుపత్రి బిల్లులో అది కొంత భాగమే. మిగతాది పొలం తాకట్టు పెట్టో, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చో కట్టుకున్నారు.

ఆరోగ్యశ్రీ ఈ బాధను తీసేసింది. ఆ మాట పూర్తి గౌరవంతో చెప్పాలి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. వలసలు, కరవు, పేదరికం ఎక్కువగా ఉన్న మూడు జిల్లాలను ముందు ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏటా రెండు లక్షల వరకు ఉచిత వైద్యం. సిఫారసు లెటర్ అక్కర్లేదు. కూలి చేసుకునే తల్లి తన బిడ్డను ఎవరి కాళ్లూ పట్టుకోకుండా కార్పొరేట్ ఆసుపత్రిలో చేర్పించగలిగింది. మనిషికి ఆ మర్యాద దక్కడం ఎంత పెద్ద విషయమో, అంతకుముందు ఎమ్మెల్యే గుమ్మం ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు.

కానీ అదే ఏడాది ప్రభుత్వం మరో నిర్ణయం కూడా తీసుకుంది. నేటి గొడవ అంతా అందులోనే ఉంది. డబ్బు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలా, రోగి వెంట ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాలా అన్న ప్రశ్నకు రెండో జవాబు ఎంచుకుంది.

దానికి అధికారులు చెప్పిన కారణం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 1990ల్లో ప్రపంచ బ్యాంకు నుంచి 13 కోట్ల 30 లక్షల డాలర్ల అప్పు తెచ్చి జిల్లా, ఏరియా ఆసుపత్రుల భవనాలు బాగుచేసినా, గుండె శస్త్రచికిత్స చేసే స్థాయికి అవి రాలేదు. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో మాత్రం గుండె రక్తనాళాలకు చికిత్స చేసే క్యాథ్ ల్యాబులు, సర్జన్లు సిద్ధంగా ఉన్నారు. ప్రభుత్వ ఆసుపత్రులను ఆ స్థాయికి తేవడానికి పదేళ్లు పడుతుంది, గుండెలో రంధ్రం ఉన్న పిల్ల పదేళ్లు ఆగలేదు అన్నారు. ఆ పిల్ల విషయంలో వాళ్లన్నది నిజం. అయితే ఆ పదేళ్లూ గడిచాయి, మరో ఎనిమిదేళ్లు కూడా గడిచాయి. ప్రైవేటుకు డబ్బు వెళ్తూనే ఉంది తప్ప, ప్రభుత్వ ఆసుపత్రిని తయారు చేస్తామన్న రెండో సగం పని వెనకబడిపోయింది.

ప్యాకేజీ, అంటే ఒక్కో చికిత్సకు ముందే కట్టిన ధర, ఎలా పనిచేస్తుందో చూస్తే అసలు లోపం తెలుస్తుంది. ముందస్తు అనుమతి కోసం ఆసుపత్రి ప్రీ-ఆథరైజేషన్ పంపుతుంది, పథకాన్ని నడిపే ట్రస్టు డాక్టర్లు ఒప్పుకుంటారు, చికిత్స జరుగుతుంది, డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు, ఇంటికి వెళ్లడానికి చార్జీలు ఇస్తారు. ఆ తర్వాత ఆసుపత్రి క్లెయిమ్ పెట్టుకుంటుంది. రోగం ఆసుపత్రి మంచం దాకా వచ్చాకే ఈ లెక్క మొదలవుతుంది. అంతకుముందు పదేళ్లు ఆ మనిషి ఒంట్లో ఏం జరిగిందన్నది ప్యాకేజీలో లేదు.

పాలమూరు నుంచి హైదరాబాద్ వచ్చిన ఒక భవన నిర్మాణ కార్మికుడి సంగతి తీసుకోండి. ఇలాంటివాళ్లు వేలల్లో ఉంటారు. నలభై ఏళ్లప్పుడు ఊళ్లో పెట్టిన క్యాంపులో బీపీ ఉందని చెప్పి నెలకు సరిపడా మాత్రలిస్తారు. అవి అయిపోయాక మళ్లీ పీహెచ్‌సీకి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. తలనొప్పి లేదు కదా అని మానేస్తాడు. ఎండలో నీళ్లు తక్కువ, పని ఎక్కువ. ఒళ్లు నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్, మెడికల్ షాపులో చీటీ లేకుండా మాత్రలు. బీపీ ఒకవైపు, నొప్పి మందులు మరోవైపు కిడ్నీలను తినేస్తాయి. కాళ్లు వాచి ఆసుపత్రికి వెళ్లేసరికి కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ప్రమాదకరంగా ఎనిమిది దాటి ఉంటుంది. అప్పుడు పథకం తలుపు తెరుచుకుంటుంది. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్. దానికి ప్రభుత్వం కడుతుంది. నెలకు కొద్దిపాటి ఖర్చయ్యే బీపీ మాత్రలు అతని చేతికి క్రమం తప్పకుండా అందేలా చూసే ఏర్పాటు మాత్రం ఆ ప్యాకేజీల పుస్తకంలో లేదు. పైగా డయాలసిస్ మొదలయ్యాక పని పోతుంది, భార్య కూలికి పోతుంది, పెద్దపిల్ల చదువు ఆగిపోతుంది. కుటుంబానికి ఇవన్నీ ఆసుపత్రి బిల్లులో కనబడని ఖర్చులు.

ఇది ఒక్క కార్మికుడి దురదృష్టం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలోని అట్టడుగు ఐదో వంతు కుటుంబాల్లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు 72 మంది ఐదేళ్లు నిండకుండానే చనిపోయారు. పై ఐదో వంతులో 23 మంది. ఈ తేడాలో ఆపరేషన్ థియేటర్ పాత్ర ఎంత? తిండి, నీళ్లు, తల్లి రక్తహీనత, దగ్గర్లో నర్సు ఉండటం, ఇవే ఎక్కువ. బ్రిటన్‌లో వైద్య పరిశోధకుడు మైకేల్ మార్మట్ ప్రభుత్వోద్యోగుల మీద చేసిన సుదీర్ఘ అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. అక్కడ ఎవరూ కటిక పేదలు కారు. అందరికీ ఉచిత వైద్యం ఉంది. అయినా హోదాలో ఒక్కో మెట్టు కిందికి దిగేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. చేసే పని మీద పట్టు లేకపోవడం, ఎప్పుడూ ఒకరి కింద టెన్షన్‌తో బతకడం కూడా ఒంటిని తినేస్తాయని ఆ పరిశోధన చెప్పింది. ఆ మార్మట్ అధ్యక్షతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2008లో నివేదిక ఇచ్చింది. మన దగ్గర ఆరోగ్యశ్రీని రాష్ట్రమంతా విస్తరించిన ఏడాది అది. మనుషులు పుట్టి, పెరిగి, పనిచేసే పరిస్థితుల్లోనే ఆరోగ్యం ఉందని ఆ నివేదిక అంటుండగా, మనం ప్యాకేజీల సంఖ్య పెంచుకుంటూ పోయాం.

హెచ్చరికలు రాకపోలేదు. పథకం వచ్చాక ఆసుపత్రిలో చేరే ఖర్చు తగ్గిందని ఆర్థికవేత్తల అధ్యయనం ఒకటి 2012లో తేల్చింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆ మేలు మిగతావారంత దక్కలేదని కూడా అందులోనే ఉంది. అంతకు ఏడాది ముందే హైదరాబాద్ పరిశోధకులు, రాష్ట్ర ఆరోగ్య బడ్జెట్‌లో దాదాపు నాలుగో వంతు ఈ పథకం కిందే, అదీ జనం మోసే మొత్తం రోగభారంలో రెండు శాతానికే పోతోందని విమర్శించారు. 2011లోనే ప్రణాళికా సంఘం ఉన్నతస్థాయి నిపుణుల బృందం నివేదిక వచ్చింది. దానికి అధ్యక్షుడు మన ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ కె. శ్రీనాథరెడ్డి. ఆరోగ్య ఖర్చులో కనీసం 70 శాతం ప్రాథమిక వైద్యానికి పెట్టాలని, ప్రభుత్వం తరఫున వైద్యం కొనే పని బీమా కంపెనీలకో మధ్యవర్తులకో అప్పగించొద్దని ఆ బృందం స్పష్టంగా చెప్పింది. ఇంటి మనిషి చెప్పిన ఆ మాట రెండు రాష్ట్రాల్లోనూ అమలుకు నోచుకోలేదు.

ఆ రోజుల్లోనే గర్భసంచి ఆపరేషన్ల సంగతి బయటికొచ్చింది. కడుపునొప్పి, తెల్లబట్ట అని వెళ్లిన పేద మహిళలకు, అందులో ముప్ఫై ఏళ్లయినా నిండనివారికి కూడా, గర్భసంచి తీసేశారని మహిళా సంఘాలు, పత్రికలు ఊరూరా తిరిగి చెప్పాయి. చిన్న వయసులోనే ఎముకలు బలహీనపడి, బరువులెత్తే కూలి పనికి పోలేక మంచాన పడ్డవారు ఎందరో. చివరికి ప్రభుత్వం ఆ ఆపరేషన్‌తో సహా 133 చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. ఆ నిర్ణయం ప్రభుత్వ ఆసుపత్రులకు డబ్బు, పని రెండూ తెచ్చింది. సరైన దిశలో పడిన అడుగు అదొక్కటే అని ఈ రచయిత అభిప్రాయం. దాన్ని అక్కడితో ఆపేశారు.

2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ రూపంలో ఇదే నమూనా దేశమంతటికీ వెళ్లింది. ఇక్కడ మాత్రం పరిమితుల పోటీ మొదలైంది. 2023 డిసెంబరులో తెలంగాణ కుటుంబానికి ఏటా ఉచిత వైద్యం పరిమితిని ఐదు లక్షల నుంచి పదికి పెంచింది. ఏపీ అదే నెలలో 25 లక్షలకు పెంచింది. అంతకుముందే ఏపీలో అర్హత ఆదాయాన్ని ఏటా ఐదు లక్షలకు పెంచడంతో, ప్రభుత్వ లెక్కల్లోనే తొంభై శాతానికి పైగా కుటుంబాలు పథకంలోకి వచ్చాయి. ట్రస్టుకు విడుదలయ్యే డబ్బు ఆ లెక్కన పెరగలేదు. బకాయిలు మరింత పేరుకుపోవడానికి ఇదీ ఒక కారణం. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు, ఏపీలో గ్రామ క్లినిక్‌లు వచ్చిన మాట నిజమే, ఉపయోగపడుతున్నాయి కూడా. కానీ ఏ ఎన్నికల సభలోనైనా చప్పట్లు పడేది 25 లక్షలన్న అంకెకే.

ఆసుపత్రుల వాదనలో న్యాయం ఉంది. నరసరావుపేటలోనో, నిజామాబాద్‌లోనో యాభై పడకల నర్సింగ్‌హోం నడిపే డాక్టర్‌కు నెలల తరబడి క్లెయిములు రాకపోతే స్టాఫ్ జీతాలకు అప్పు చేయాలి. మందుల సరఫరాదారు ఫోన్ చేస్తూనే ఉంటాడు. పెద్ద కార్పొరేట్ గొలుసు తట్టుకోగలదు, వీళ్లు తట్టుకోలేరు. ఇచ్చిన మాట ప్రకారం డబ్బు చెల్లించాల్సిందే. అయితే పద్దెనిమిదేళ్లు ప్రజాధనంతో పడకలు నింపుకున్న రంగం, తన డబ్బు కోసం రోగిని గుమ్మంలో నిలబెట్టి బేరమాడటం మామూలైపోయింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రత్యామ్నాయం లేదు కాబట్టే ఆ బేరం చెల్లుతోంది.

ఇప్పుడు ఏపీ ప్రభుత్వం కొత్త పద్ధతి తెస్తోంది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన విధానంలో కుటుంబానికి రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, అక్కడి నుంచి 25 లక్షల వరకు ట్రస్టు చెల్లిస్తాయి. 2007లో ఆ మూడు జిల్లాల్లో పథకం మొదలైంది కూడా బీమా కంపెనీతోనే. తర్వాత ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతికి మారారు. అప్పుడు కంపెనీకి ప్రీమియంగా ఎంత కట్టాం, క్లెయిములుగా ఎంత తిరిగొచ్చింది, ఎందుకు వదిలేశాం అన్న లెక్క కొత్త టెండర్లకు ముందే జనం ముందు పెట్టాలి. ఎంత పెద్ద బకాయి ఉన్నా డయాలసిస్, క్యాన్సర్ రోగులను వెనక్కి పంపబోమన్న షరతు ఆసుపత్రులతో చేసుకునే ఒప్పందంలోనే రాయాలి. బదులుగా ఆ రెండింటి క్లెయిములు మిగతావాటితో కలపకుండా నెలనెలా చెల్లిస్తామని ప్రభుత్వం కూడా అదే కాగితం మీద సంతకం పెట్టాలి.