వడ్లూరు చూసిన ఎన్నిక, తణుకు వేసే ఓటు

2024 నవంబరులో అమెరికా ఓట్ల లెక్కింపు జరుగుతుంటే తణుకు దగ్గరి వడ్లూరులోనూ సందడే. ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉష పూర్వీకులది ఆ ఊరు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు గోదావరి డెల్టాలో కొదవ లేదు కాబట్టి, అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి రాష్ట్రాల వారీగా ఎంపికయ్యే ప్రతినిధులైన 538 మంది ఎలక్టర్లలో గెలుపుకు 270 మంది కావాలన్న లెక్క ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలవాలి కదా, మధ్యలో ఈ ఎలక్టర్లెందుకు అన్న సందేహమూ ఉంది.

సందేహం సబబైనదే. 2016లో 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న హిల్లరీ క్లింటన్ ఓడిపోయారు. 2000లో ఫ్లోరిడాలోని 537 ఓట్లు దేశాధ్యక్షుణ్ని తేల్చాయి.

దీని మూలం అమెరికా రాజ్యాంగాన్ని రాసిన 1787 నాటి ఫిలడెల్ఫియా సభలో ఉంది. అధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని ఆ సభలో సభ్యుడైన జేమ్స్ విల్సన్ అన్నారు. దక్షిణాది రాష్ట్రాలకు అది గిట్టుబాటు కాదు. అక్కడి జనాభాలో పెద్ద భాగం బానిసలు, వారికి ఓటు లేదు. కానీ ప్రతినిధుల సభ స్థానాల కోసం ప్రతి అయిదుగురు బానిసలనూ ముగ్గురిగా లెక్కగట్టారు. ఆ స్థానాలకు ఎగువ సభలోని ఇద్దరు సెనేటర్లను కలిపితే వచ్చేదే రాష్ట్రానికి దక్కే ఎలక్టర్ల సంఖ్య. అంటే ఓటు లేనివారి తలలను చూపించి యజమానులు బలం పెంచుకున్నారు. బానిసత్వం పోయింది, పద్ధతి మిగిలింది. దీన్ని రద్దు చేసే సవరణను 1969లో ప్రతినిధుల సభ ఆమోదించినా సెనేట్ ముందుకు సాగనివ్వలేదు.

నా దృష్టిలో అసలు అన్యాయం, రాష్ట్రంలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఎలక్టర్లందరూ ఒకరికే పోవడం. ఇది రాజ్యాంగంలో లేదు, రాష్ట్రాలు చేసుకున్న చట్టం. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు మాత్రం ఎలక్టర్లను పంచే వేరు దారి పట్టాయి.

మన రాష్ట్రపతి ఎన్నిక కూడా పరోక్షమే, ఓటు వేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. నేరుగా ఎన్నుకుందామని రాజ్యాంగ సభలో కె.టి. షా పట్టుబట్టారు. అసలు అధికారం మంత్రివర్గానిదైనప్పుడు దేశమంతా ఓటు వేయించి అధికారం లేని పదవిని నింపడం అసంగతమన్నది నెహ్రూ వాదన. ఇక్కడ రాష్ట్రం గంపగుత్తగా ఒకవైపు మొగ్గదు, ఎవరి ఓటు వారిదే, ఫలానావారికే వేయాలనే పార్టీ ఆదేశం (విప్) కూడా లేదు. 1969లో నీలం సంజీవరెడ్డిపై వి.వి. గిరి గెలిచింది రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులోనే.

అలాగని మన లెక్కలో తిరకాసు లేదని కాదు. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో, ఆపై వెయ్యితో భాగిస్తే వచ్చేదే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ. తణుకు ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఈ అంకెలన్నీ 1971 జనాభావే. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో ఆపిన లెక్కను, 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించారు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంత జనాభా 1971లో సుమారు 2.78 కోట్లు, 2011 నాటికి 4.9 కోట్లు దాటింది. అదే కాలంలో ఉత్తరప్రదేశ్ 8.38 కోట్ల నుంచి దాదాపు 20 కోట్లకు చేరింది. అందువల్ల కొత్త లెక్క అమలైతే, సీట్ల సంఖ్య మారకపోతే, తణుకు ఓటు విలువ పెరుగుతుంది, లక్నో ఓటు విలువ అంతకంటే వేగంగా పెరుగుతుంది.