డ్యాష్‌బోర్డు చార్టులు: అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో ఉండి వెబ్ డ్యాష్‌బోర్డులు, అంటే అంకెలను చార్టులుగా ఒకేచోట చూపే వెబ్ పేజీలు, చేసే పని నాది. చార్టులు చేయించుకునేవాళ్లు, కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు తరచూ అనే మాటలు కొన్నున్నాయి.

అపోహ: ఏ చార్టయినా సున్నా నుంచే మొదలుపెట్టాలి.

బార్ చార్టుకు ఇది నిజమే. అక్కడ కన్ను కొలిచేది బారు పొడవును. మధ్యలోంచి మొదలుపెడితే కొద్దిపాటి తేడా కూడా కొండంతగా కనబడుతుంది. లైన్ చార్టు సంగతి వేరు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఇది సముద్రమట్టం నుంచి లెక్క, కాబట్టి ఇక్కడ సున్నా అంటే డ్యాం అడుగు కూడా కాదు! అక్కణ్నుంచి గీస్తే ఏడాది పొడుగునా గీత కదిలినట్టే ఉండదు. ఎడమ కాల్వకు నీళ్లిస్తారా లేదా అని చూసే మిర్యాలగూడ రైతుకు దాంతో ఏం తెలుస్తుంది? నేనైతే 500 నుంచి 600 దాకా పెట్టి, 590 దగ్గరా, కనీస మట్టం 510 దగ్గరా అడ్డగీతలు గీస్తాను. నీటి నిల్వను చెప్పే టీఎంసీలకు వేరే చార్టు. జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, పై అడుగులో పట్టే నీళ్లు కింది అడుగులో పట్టవు. రెండింటినీ ఒకే చార్టులో రెండు స్కేళ్లతో కలిపితే చూసేవాళ్లు తికమకపడతారు.

అపోహ: విలువలన్నీ టూల్‌టిప్‌లో ఉన్నాయి కదా, చాలు.

టూల్‌టిప్ అంటే చుక్క మీద మౌస్ పెడితే విలువ చూపే చిన్న పెట్టె. ఫోన్‌కు మౌస్ ఉండదు. తాకిన చోట వేలే చుక్కను కప్పేస్తుంది. తాజా విలువను గీత చివర రాసేయండి.

అపోహ: అంకెలు సరిగ్గా ఉంటే చార్టు తప్పు చెప్పదు.

మన దగ్గర పని చేసేవాళ్లు అస్సలు నమ్మకూడని మాట ఇది. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట జిల్లాలు వచ్చాయి. 2014 నుంచి 'నల్లగొండ జిల్లా వరి సాగు' అని ఒకే గీత గీశారనుకోండి, మధ్యలో ధడేల్మని పడిపోతుంది. ఏ ఏడు అంకె ఆ ఏడు నిజమే, కానీ చూసినవాళ్లు కరువొచ్చిందనుకుంటారు. మండలాల వారీ లెక్కలు దొరికితే వాటిని కూడి, ఇప్పటి సరిహద్దులతోనో పాత ఉమ్మడి జిల్లాతోనో మొత్తం గీయాలి. దొరక్కపోతే గీతను అక్కడ తెంపి, కారణం పక్కనే రాయాలి.

వాన లెక్కల్లో రీడింగ్ రాని రోజుకు సున్నా పెట్టడమూ ఇలాంటిదే. ఆ రోజు చుక్క వాన పడలేదన్న అర్థం వస్తుంది. సున్నా బదులు నల్ (null, అంటే 'విలువ లేదు') పంపితే, వెబ్ పేజీల్లో చార్టులు గీసే చార్ట్.జేఎస్ లైబ్రరీ గీతలో అక్కడ ఖాళీ వదిలేస్తుంది.

అపోహ: డీ3 వాడితేనే అసలైన పనితనం.

డీ3 కూడా చార్టులు గీయడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీయే. కానీ అందులో రెడీమేడ్ చార్టులుండవు, ప్రతిదీ మనమే గీసుకోవాలి. మామూలు లైను, బారు అయితే చార్ట్.జేఎస్ సరిపోతుంది. అది క్యాన్వాస్ మీద, అంటే వెబ్ పేజీలో బొమ్మలా గీస్తుంది కాబట్టి తెలుగు ఫాంట్ లోడయ్యాకే గీయించండి. ముందే గీస్తే, మళ్లీ గీయించేదాకా లేబుళ్లు వేరే ఫాంట్‌లోనే ఉండిపోతాయి.