కోడిలా వండితే కుదరని బాతు

పెన్నా డెల్టాలో వరి కోతలయ్యాక బాతుల మందలు పొలాల్లోకి దిగుతాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటి మేత. వీటిని ప్రధానంగా పెంచేది గుడ్ల కోసం. గుడ్లు తగ్గిన ముదురు బాతులు మాంసానికి వెళ్తాయి. ఫారాల్లో మాంసం కోసమే పెంచే తెల్ల పెకిన్ జాతి సంగతి వేరు. మంచి మేత ఉంటే 7, 8 వారాల్లోనే 2.5 కిలోల దాకా తూగుతుంది. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా బాతు కొనేవారు ధరకంటే ముందు వయసు అడగాలి.

కండరాలను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌లో, పక్షి ముదిరే కొద్దీ దాని పోగులను ఒకదానికొకటి ముడివేసే అడ్డబంధాలు పెరుగుతాయి. అవి వేడికి అంత తేలిగ్గా లొంగవు. తడి వేడిలో చాలాసేపు ఉడికితేనే కొల్లాజెన్ జిగురులాంటి జెలటిన్‌గా మారి ముక్క మెత్తబడుతుంది, పులుసు చిక్కబడుతుంది. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. ప్రెషర్ కుక్కర్‌లో సుమారు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. ముదురు బాతుకు కుక్కర్‌ను మించిన సాధనం లేదు.

కోడి రొమ్ము తెల్లగా ఉంటే బాతు రొమ్ము ఎర్రగా ఎందుకుంటుంది? శీతాకాలంలో పులికాట్‌కు ఎక్కడినుంచో ఎగిరివచ్చే అడవి బాతులను చూస్తే తెలుస్తుంది. (చూడటం వరకే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి వేట నిషిద్ధం.) అంత దూరం ఎగరాలంటే రొమ్ము కండకు ఆక్సిజన్ ఆగకుండా అందాలి. దాన్ని నిల్వ ఉంచే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌దే ఆ ఎరుపు. పెకిన్ పూర్వీకులు కూడా మల్లార్డ్ అనే అడవి బాతులే. ఫారంలో ఎగరడం మానేసినా ఆ కండ మారలేదు. నీటి చలిని తట్టుకోవడానికి చర్మం కింద పేరుకునే కొవ్వూ పోలేదు.

ఇంత కొవ్వు ఉన్నా కోడికూరకు పోసినట్టు నూనె పోయడమే అసలు చిక్కు. బాణలిలో నూనె పోయవద్దు. చర్మం ఉన్న ముక్కలను చర్మం అడుగుకు వచ్చేలా చల్లని బాణలిలో పేర్చి, సన్న మంట మీద పెట్టండి. పెనం ముందే కాలితే చర్మం మాడుతుంది, కొవ్వు లోపలే చిక్కుకుంటుంది. కరిగిన కొవ్వులో కొంత తీసి పక్కన పెట్టండి, వంకాయ వేపుడుకు బ్రహ్మాండంగా ఉంటుంది. మిగిలినదానిలో ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి వేయించి, ముక్కలతో సహా కుక్కర్‌లోకి మార్చి, నీళ్లు పోసి మూత పెట్టాలి. లేత ఫారం బాతుకు సన్న మంట మీద ఇరవై నిమిషాలు చాలు, ముదురుదైతే దాదాపు రెట్టింపు. నెల్లూరు చేతికి అలవాటైన చింతపండు పులుపు ఈ కొవ్వుకు సరిజోడు. పులుపు పడితే పప్పు ఉడకదన్న భయం మాంసం విషయంలో అక్కర్లేదు.

నీచు వాసన అంటారు గానీ, అందులో కొంత తోక మొదట్లో ఉండే నూనె గ్రంథిది. ఈకలకు నీరు అంటకుండా బాతు పూసుకునే నూనె అందులోదే. కొట్టించేటప్పుడే దాన్ని కోసి తీసేయమనాలి.

కొన్ని దేశాల్లో బాతు రొమ్మును లోపల గులాబీ రంగు ఉండగానే వడ్డిస్తారు. ఇంట్లో ఆ సాహసం వద్దు. సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు చావాలంటే ముక్క లోపలి భాగం 74 డిగ్రీలకు చేరాలి. కుక్కర్‌లో ఉడికిన పులుసు ఆ గీతను ఎప్పుడో దాటేసి ఉంటుంది.