వైరస్ లేదా, పరీక్షకు చిక్కలేదా? హెచ్‌పీవీ పరిశోధన నడిచిన దారి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెర్పిస్ రెండో రకం వైరస్ కారణమని 1970ల మొదట్లో చాలా ప్రయోగశాలలు నమ్మాయి. ఈ క్యాన్సర్ ఉన్న స్త్రీల రక్తంలో ఆ వైరస్‌కు సంబంధించిన యాంటీబాడీలు మిగతావారిలోకంటే ఎక్కువగా కనిపించడమే అందుకు ఆధారం. కానీ యాంటీబాడీ చెప్పేది వైరస్ ఎప్పుడో సోకిందని మాత్రమే, అది కణితిలో ఉందని కాదు. పైగా లైంగికంగా ఒక వైరస్ సోకినవారికి అదే దారిలో ఇంకొకటి సోకే అవకాశమూ ఎక్కువ. అలాంటప్పుడు అసలు కారణం తప్పించుకుని, దాని పక్కనున్నదానిపై నింద పడుతుంది.

జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ రక్తాన్ని వదిలి, కణితి డీఎన్‌ఏలోనే వెతికారు. హెర్పిస్ వైరస్ దొరకలేదని 1974లో ప్రకటించారు. జననాంగాల పులిపిర్లు అరుదుగా క్యాన్సర్‌గా మారిన ఉదంతాలు పాత వైద్య పత్రికల్లో ఉన్నాయి. వాటిని పట్టుకుని, 1976లో పులిపిర్ల వైరస్ వైపు, అంటే హ్యూమన్ పాపిల్లోమా వైరస్ (హెచ్‌పీవీ) వైపు వేలు చూపించారు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. హెచ్‌పీవీ ప్రయోగశాల గాజు పాత్రల్లో మామూలుగా పెరగదు. చర్మపు పొర అడుగున ఉన్న కణంలోకి చేరి, ఆ కణం పైకి జరిగి పరిణతి చెందుతున్నప్పుడే కొత్త వైరస్ రేణువులు తయారవుతాయి. కాబట్టి డీఎన్‌ఏను నేరుగా పులిపిరి నుంచే తీయాలి. అరికాలి పులిపిర్లలో అది బాగా దొరుకుతుంది, జననాంగాల పులిపిర్లలో చాలా తక్కువ. అరికాలి నుంచి తీసిన డీఎన్‌ఏను రేడియోధార్మిక ప్రోబ్‌గా, అంటే తనతో సరిపోయే డీఎన్‌ఏకు అంటుకుని దాన్ని చూపించే ముక్కగా వాడితే జననాంగాల పులిపిర్లకు అది అంటుకోలేదు. హెచ్‌పీవీ ఒక్కటి కాదని, రకాలు చాలా ఉన్నాయని అలా తేలింది. ఇప్పుడు గుర్తించిన రకాలు 200 దాటాయి. వైరస్ పై గుల్లకు ప్రోటీన్ తయారుచేసే ఎల్1 జన్యువు దగ్గరి రకంతో పోలిస్తే కనీసం 10 శాతం తేడాగా ఉంటేనే కొత్త రకంగా లెక్కిస్తారు.

తెలియని రకాన్ని తెలిసినదానితో పట్టుకోవాలంటే పరీక్షను సడలించాలి. రెండు డీఎన్‌ఏ పోగులు విడిపోయే ఉష్ణోగ్రతకు 20 డిగ్రీల దిగువన కడిగితే, దాదాపు అచ్చంగా సరిపోయినవే అంటుకుని మిగులుతాయి. 40 డిగ్రీల దిగువన అయితే దూరపు చుట్టాలూ నిలుస్తాయి. మరీ సడలిస్తే సంబంధం లేనివి కూడా అంటుకుంటాయి కాబట్టి, దొరికినదాన్ని క్లోన్ చేసి, అంటే విడదీసి నకళ్లు తీసి, మళ్లీ కఠినంగా పరీక్షించాలి. 1980లో 6వ రకం, దాని సాయంతో 11వ రకం, 11ను ప్రోబ్‌గా పెట్టి 1983లో క్యాన్సర్ కణితి నుంచే 16వ రకం, 1984లో 18వ రకం బయటపడ్డాయి. 1951లో హెన్రియెటా లాక్స్ కణితి నుంచి తీసిన హీలా కణాల్లోనూ 18వ రకమే ఉంది. ఆ కణాల్లో ఈ6, ఈ7 అనే వైరస్ జన్యువులు చురుగ్గా ఉన్నాయని 1985లో తేలింది. కణాన్ని అదుపులో ఉంచే పీ53 ప్రోటీన్‌ను ఈ6 నాశనం చేయిస్తుందని, ఆర్‌బీ ప్రోటీన్‌కు ఈ7 అడ్డుపడుతుందని 1990 నాటికి స్పష్టమైంది. జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

ఇంత జరిగినా జనాభా స్థాయి అధ్యయనాలు చాలాకాలం తికమకగానే ఉన్నాయి. తొలి పరీక్షలు సోకినవారిని సోకనివారిగా, సోకనివారిని సోకినవారిగా చూపించాయి. కొద్దిపాటి డీఎన్‌ఏను కోట్ల నకళ్లుగా పెంచి చూసే పీసీఆర్ పరీక్ష వచ్చాక ఒక నమూనా తుంపర పక్క గొట్టంలో పడినా తప్పుడు పాజిటివ్ వచ్చేది. నూబియా మున్యోస్, జేవియర్ బాష్ బృందం 22 దేశాల నుంచి కణితులు సేకరించి 1995లో ప్రకటించిన లెక్క ప్రకారం, 93 శాతం కణితుల్లో హెచ్‌పీవీ ఉంది. మరి మిగతా 7 శాతం వైరస్ లేని క్యాన్సర్లా? ఆ నమూనాలనే మళ్లీ పరీక్షించారు. కణితి ముక్కలో మొదటి పొర, చివరి పొర సూక్ష్మదర్శిని కింద చూసి, రెండింటిలోనూ క్యాన్సర్ కణాలుంటేనే మధ్య పొరలను పీసీఆర్‌కు పంపారు. కొన్ని ముక్కల్లో అసలు తగినన్ని క్యాన్సర్ కణాలే లేవు. మరికొన్నింటిలో వైరస్ డీఎన్‌ఏ తెగి మనిషి క్రోమోజోములో కలిసిపోయినప్పుడు, ప్రైమర్లు, అంటే పీసీఆర్‌లో వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, వెతికే ఎల్1 భాగం ఊడిపోయింది. ఈ7 మాత్రం కణితి బతకడానికి అవసరం కాబట్టి మిగిలే ఉంటుంది. దాన్ని వెతికే ప్రైమర్లు వాడాక 1999లో లెక్క 99.7 శాతానికి చేరింది. ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ ముందు చదవాల్సింది ఈ పనే అని మా అభిప్రాయం.

టీకా దగ్గరా ఇదే పాఠం ఎదురైంది. ఎల్1 ప్రోటీన్లు 360 తమంతట తామే కలిసి, లోపల డీఎన్‌ఏ లేని ఖాళీ గుల్లగా మారతాయి. టీకాలో వాడేది ఈ గుల్లలనే. ఆస్ట్రేలియాలో జియాన్ ఝౌ, ఇయాన్ ఫ్రేజర్ 1991లో ఈ దారి తెరిచారు. అమెరికాలో జాన్ షిల్లర్, డగ్లస్ లోవీ బృందం దాన్ని ముందుకు తీసుకెళ్లింది. కానీ 16వ రకం గుల్లలు చాలా తక్కువగా వచ్చేవి. అందరూ వాడుతున్న ఎల్1 జన్యువు కణితి నుంచి తీసినది కావడమే కారణం. కణితిలో వైరస్ రేణువులు తయారు కానక్కర్లేదు, కాబట్టి ఆ జన్యువులో తప్పు దొర్లినా అలాగే ఉండిపోతుంది. 202వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారి ఉంది. క్యాన్సర్ కాని పుండు నుంచి తీసిన జన్యువు వాడగానే గుల్లలు సమృద్ధిగా వచ్చాయి. తొలి టీకాకు 2006లో అనుమతి లభించింది. అది కొత్తగా సోకకుండా ఆపుతుంది తప్ప, అప్పటికే ఉన్న ఇన్ఫెక్షన్‌ను తొలగించదు. స్క్రీనింగ్, అంటే లక్షణాలు కనిపించకముందే చేసే పరీక్షల అవసరం అందుకే తీరలేదు.

రొమ్ము క్యాన్సర్ విషయంలో ఇదే ప్రశ్న ఇంకా తెగలేదు. ఎలుకల్లో రొమ్ము కణితులు తెచ్చే వైరస్ తల్లిపాల ద్వారా వస్తుందని 1936లోనే జాన్ బిట్నర్ గుర్తించారు. దాన్ని పోలిన జన్యు భాగాలు మనుషుల కణితుల్లో దొరికాయని 1995లో ప్రకటన వచ్చింది. కానీ ప్రయోగశాలలో వాడే రసాయనాల్లో కాస్త ఎలుక డీఎన్‌ఏ కలిసినా అదే ఫలితం వస్తుంది. ఇలాగే వెతికిన ఎప్‌స్టీన్-బార్ అనే మరో వైరస్‌తో చిక్కు మరోలా ఉంటుంది. కణితిలోకి చేరిన తెల్ల రక్తకణాల్లో ఆ వైరస్ ఉన్నా, పీసీఆర్ మొత్తం ముక్కను పాజిటివ్ అనే చెబుతుంది. అందుకే ఇలాంటి పరిశోధనలో నమూనా లేని ఖాళీ గొట్టాలను ప్రతి విడతలో పెట్టాలి, ఎలుక డీఎన్‌ఏ కోసం విడిగా పరీక్ష చేయాలి, వైరస్ క్యాన్సర్ కణంలోనే ఉందని కణజాలపు కోతలో చూపించాలి, దాని జన్యువులు అక్కడ పనిచేస్తున్నాయని నిరూపించాలి.