దిబ్బరొట్టె ముగ్గురికి ఎలా పంచాలి

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీరు ముగ్గురూ ఒకేసారి అరుస్తుంటే సగమే అర్థమైంది గానీ చిన్నది అడిగింది మాత్రం బాగా వినబడింది, "తాతయ్యా, మూడు ముక్కలూ ఒకటే సైజు, మరి నాకే తక్కువొచ్చినట్టు ఎందుకుంది?" అని. మంచి ప్రశ్నమ్మా. దీనికి త్రాసు పనికిరాదు. దిబ్బరొట్టె అంతా ఒకేలా ఉండదు కదా, అంచు కరకరలాడుద్ది, మధ్యలో మెత్తగా ఉంటది. నీకు అంచంటే ప్రాణం, అన్నయ్యకి మెత్తటిది కావాలి, అందుకే ఒకే బరువున్న ముక్క నీ కంటికి చిన్నది, వాడి కంటికి పెద్దది. ఎవరి కంటికి వాళ్ళ వాటా సరిపోవాలి, అసలు లెక్క అది.

మా నానమ్మ కట్టెల పొయ్యి మీద మూకుట్లో పిండి పోసి, మూతపెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు వేసేది, రొట్టె రెండు పక్కలా ఎర్రగా కాలేది, ఆ వాసనకి ఆట వదిలేసి వచ్చేసేవాళ్ళం. మా అన్నయ్యకీ నాకూ ఒకటే రూలు, ఒకడు కోస్తే రెండోవాడు ముందు తీసుకోవాలి. అన్నయ్య కత్తి పట్టుకుని రొట్టెని అటు తిప్పి ఇటు తిప్పి, అంచు ఎటు ఎక్కువుంది, మాడింది ఎటు పోతోంది అని చూసి చూసి కోసేవాడు, ఏ ముక్క మిగిలినా తనకి ఓకే అనిపించాలి కదా! పెద్దవాళ్ళు తీర్పు చెప్పే పనే లేదు.

ముగ్గురైతే? 1940ల్లో పోలండ్‌లో స్టైన్‌హౌస్ అనే లెక్కల మేష్టారు ఇదే పట్టుకున్నారు, ఆయన స్నేహితులు బానాఖ్, క్నాస్టర్ దారి చెప్పారు. మొదటివాళ్ళు తమ కంటికి మూడోవంతు అనిపించిన ముక్క కోస్తారు. పక్కవాళ్ళకి అది ఎక్కువనిపిస్తే కాస్త చెక్కి, చెక్కింది మిగతా రొట్టెలో కలిపేస్తారు, లేకపోతే ముట్టుకోరు. మూడోవాళ్ళూ అంతే. ఆఖర్న ఎవరి కత్తి తగిలిందో ఆ ముక్క వాళ్ళది, మిగిలిన ఇద్దరికీ మా అన్నదమ్ముల రూలే. ఆశపడి పెద్దది కోశావా, పక్కవాడు చెక్కేస్తాడు, మరీ ఎక్కువ చెక్కావా, ఆ చిన్నముక్క నీకే మిగులుద్ది. న్యాయంగా కోసినోళ్ళకి నష్టం లేదర్రా.

అయినా ఒక చిక్కుంది. నీ మూడోవంతు నీకొచ్చేశాక, వాళ్ళిద్దరూ పంచుకున్నది చూసి అక్క ముక్కే బాగుందే అని కుళ్ళు రావచ్చు. అది కూడా రాకుండా ముగ్గురికి పంచే పద్ధతి 1960 ప్రాంతంలో సెల్ఫ్రిడ్జ్, కాన్వే అనే ఇద్దరు లెక్కల పండితులు ఎవరికి వారు కనిపెట్టారు. ఎంతమందైనా సరే, ఎవరికీ కుళ్ళు రాకుండా ఇన్ని కోతల్లోపు అయిపోద్దని హద్దు చెప్పే పద్ధతి మాత్రం 2016 దాకా రాలేదు, అజీజ్, మెకెంజీ అని ఇద్దరు తెచ్చారు, ఐదుగురికి ఆ హద్దు అంకెల్లో రాయాలంటే ప్రపంచంలో ఉన్న కాగితం అంతా చాలదు! రొట్టె ముక్కలో ఇంత లోతుందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ ఆదివారం అమ్మని దిబ్బరొట్టె వేయమనండి, పానకం కూడా పెట్టమనండి. కత్తి అమ్మ చేతిలోనే ఉండాలి, ఎక్కడ కోయాలో మీరు చూపించండి. అమ్మకీ వాటా ఉండాలి సుమా, అందరూ తిన్నాక మిగిలింది కాదు. అప్పుడు నలుగురు, కాబట్టి మొదటి ముక్క నాలుగోవంతు. ఎవరికి అంచొచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య