కార్డు కంటే ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి

చి॥ బుజ్జికీ, అమ్ములుకీ తాతయ్య దీవించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. కొబ్బరి దింపు అయిపోయింది. కాయ రేటు ఈసారి పర్వాలేదు, అందుకే మీ నాన్న కంప్యూటర్లో గేముల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకి ఒప్పుకున్నాడని మామ్మ అంటోంది. ఆయన మనసు మార్చుకునేలోపే ఈ ఉత్తరం మీకు చేరాలి గనక ఊరి కబుర్లు వచ్చేసారి రాస్తాను.

మీరు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. ప్రతి కార్డు పక్కనా ఏ గేములో ఎంత ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని బొమ్మలు) వస్తుందో రాశారు, ధర రాశారు, లైట్లు ఏ రంగులో వెలుగుతాయో కూడా రాశారు. ఎన్ని వాట్లు లాగుతుందో మాత్రం ఒక్కదాని పక్కనా లేదు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరైనవాడి కంటికి ముందు ఆనేది అదే కదా. ఆ గడి కూడా గీసి నింపండి. సగం పేర్లు మీరు కొట్టేయక్కర్లేకుండానే పోతాయి.

ఎలాగంటారా? మీ ఇంట్లో ఉన్నది మీ బాబాయి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజార్లో కొన్న పాత ఆఫీసు పీసీ. ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, నిలువు పెట్టె, మంచి సిస్టమే. కానీ అది లెక్కలు చూసుకునే గుమాస్తా కోసం తయారైంది. పక్క తలుపు తీసి, కరెంటు వైరు వచ్చి దిగే ఇనప డబ్బా మీద స్టిక్కర్ చదవండి. లోపలి భాగాలన్నిటికీ కరెంటు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ అదే. ఇలాంటి ఆఫీసు పీసీల్లో చాలావాటికి అది 180 నుంచి 260 వాట్ల లోపే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకి విడిగా తగిలించే ఆరు పిన్నుల వైరు సాధారణంగా ఉండనే ఉండదు. పోనీ పెద్దది వేద్దామంటే, కొన్ని కంపెనీల మదర్‌బోర్డులకు బజార్లో దొరికే ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు పట్టదు. అంటే కార్డు కొనబోయి ఎస్‌ఎంపీఎస్, అది కొనబోయి బోర్డు, ఆఖరికి మొత్తం సిస్టమూ మార్చినట్టవుతుంది. మీ నాన్న ఒప్పుకున్నది కార్డు ఒక్కదానికే.

అందుకని వైరు అక్కర్లేని కార్డు చూడాలి. మదర్‌బోర్డు మీద కార్డు దిగే పొడుగాటి స్లాటే దానికి 75 వాట్ల దాకా ఇస్తుంది. అందులో 66 వాట్లు 12 వోల్టుల లైను మీద, మిగతాది 3.3 వోల్టుల మీద. ఆ లోపు సరిపెట్టుకునే కార్డుకి ఇంకే వైరూ పెట్టక్కర్లేదు. అంతకన్నా ఎక్కువ తాగేవాటికి ఆరు పిన్నుల వైరు ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తాయి. కొన్ని సన్నటి పాత పెట్టెల్లో స్లాటు కూడా పూర్తిగా 75 ఇవ్వదు. మీది కాదు గానీ, మీ స్నేహితుడి దగ్గరున్నది అలాంటిదే కనక మాన్యువల్ చూసుకోమనండి.

షాపువాడు ఒక మాట చెబుతాడు, ముందే చెవిన వేస్తున్నాను. "వైరు లేకపోతే ఏముంది బాబూ, హార్డ్‌డిస్క్ వైరు నుంచి ఆరు పిన్నులకు కన్వర్టర్ ఉంది, వంద రూపాయలు" అంటాడు. వద్దు. హార్డ్‌డిస్క్‌కి వెళ్లే ఆ నల్లటి చదును కనెక్టర్ 12 వోల్టుల మీద 4.5 ఆంపియర్లకే, అంటే 54 వాట్లకే తయారైంది. దాని మీద 75 లాగితే ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు నల్లబడతాయి. ఆ వాసన నాకు బాగా తెలుసు. మీకు తెలియక్కర్లేదు.

ఇక్కడే పెట్టెలు కట్టించుకున్న మీ గ్యాంగువాళ్ల సంగతి వేరే. వాళ్ల ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని నమ్మకుండా కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడమనండి. అక్కడ 14 ఆంపియర్లని ఉంటే, పన్నెండు పెట్టి గుణిస్తే 168 వాట్లు. సీపీయూకీ గ్రాఫిక్స్ కార్డుకీ నిజంగా పనికొచ్చేది ఆ 168 మాత్రమే, మిగతాది అట్ట మీద ఏనుగు. ఇలాంటి స్టిక్కర్లు వేసేవాళ్లని ఏమనాలో పిల్లలకు రాసే ఉత్తరంలో రాయకూడదు.

తక్కువ వాట్ల కార్డు కొంటే బిల్లు బాగా తగ్గుతుందని అమ్ములు రాసింది. అంత లేదమ్మా. 70 వాట్ల కార్డుకీ 170 వాట్ల కార్డుకీ తేడా 100 వాట్లు. రోజుకి మూడు గంటలు ఆడితే నెలకి 9 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా 54 రూపాయలు. ఏసీ వాడే ఇంట్లో ఆ తొమ్మిదీ పై స్లాబులోకి తోస్తే ఇంకొంచెం. మీ నాన్నకి బిల్లు సాకు చెప్పకండి, ఆయనకీ గుణించడం వచ్చు.

అసలు లాభం వేరేచోట ఉంది. చేపల, రొయ్యల చెరువుల మధ్య ఊళ్లలో రాత్రయితే నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లన్నీ తిరుగుతాయి. నీళ్లలో ప్రాణవాయువు పడిపోయేది తెల్లవారుజామునే కనక రైతు వాటిని ఆపలేడు. అదే వేళకి మీరు గేము మొదలుపెడతారు. వోల్టేజీ ఊగుతుంది, కరెంటు పోయి వస్తుంది. మీ 600 వీఏ యూపీఎస్ నిజంగా మోయగలిగేది 360 వాట్లు. 70 వాట్ల కార్డుతో మీ సిస్టమ్, మానిటర్ కలిపి గేములో కూడా 200 లోపే ఉంటాయి. కరెంటు పోయినా మ్యాచ్ ముగించి పద్ధతిగా ఆపుకునే వ్యవధి దొరుకుతుంది. పెద్ద కార్డు పెడితే యూపీఎస్ కుయ్‌మని అక్కడికక్కడే పడిపోయినా ఆశ్చర్యం లేదు. ఇంకోటి, కార్డు తాగిన ప్రతి వాటూ గదిలోకి వేడిగానే వస్తుంది. రోహిణీ కార్తెలో, చెమట ఆరని మన ఉక్కలో, తలుపులు మూసుకుని ఆడేది మీరే.

ఇప్పుడు పేర్లు. మీ సిస్టమ్‌కి నేనైతే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది చూస్తాను. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లు. జాగ్రత్త, అదే పేరుతో 2022లో వచ్చిన 8 జీబీది 130 వాట్లు, దానికి వైరు కావాలి. పేరు ఒకటే అయినా లోపలి సరుకు వేరు. 8 జీబీదాని వేగం కూడా ఎక్కువే, కాదనను, కానీ మీ పెట్టెలో అది నడవదు. డీఎల్‌ఎస్‌ఎస్ ఉండటం 6 జీబీదానికి ఇంకో బలం. బొమ్మని చిన్నగా గీసి పెద్దది చేసి చూపిస్తుంది, దాంతో బరువైన గేములు కాస్త తేలికవుతాయి.

అంత పెట్టలేకపోతే జీటీఎక్స్ 1650. 2019 ఏప్రిల్‌ది, 4 జీబీ, 75 వాట్లు. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్, జీటీఏ 5 లాంటివాటికి చాలు. కొందరు తయారీదార్లు దీనికీ ఆరు పిన్నుల గూడు పెట్టారు కనక బాక్సు మీద ఫొటోలో కార్డు పై అంచు చూసి మరీ తీసుకోండి. 2016 నాటి 1050 టీఐ చవగ్గా దొరుకుతుంది, వైరూ అక్కర్లేదు, కానీ ఆ తరానికి కొత్త గేముల డ్రైవర్లు (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తారు. బాగా చవగ్గా వస్తే సరే, లేకపోతే వద్దు.

ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 వాట్ల లెక్కలో పైవాటన్నిటికన్నా ముద్దొస్తుంది, 53 వాట్లే. కానీ అది మదర్‌బోర్డుతో నాలుగు లేన్ల (డేటా నడిచే దారులు) మీదే మాట్లాడుతుంది. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఉన్న కొత్త బోర్డులో పర్వాలేదు. మీది మూడో తరం, అక్కడ ఆ దారి సగమే. కార్డులోని 4 జీబీ మెమరీ నిండిపోయే గేముల్లో ఆ దెబ్బ తెలుస్తుంది. ఆడుతూ వీడియో రికార్డు చేసే ఎన్‌కోడర్ కూడా దాన్లో లేదు, బుజ్జిగాడి ఛానల్ కలలకి అక్కడే గండి. ఇంటెల్ ఆర్క్ ఏ380కి 6 జీబీ ఉంది, ఎన్‌కోడర్ బ్రహ్మాండం, కానీ బయోస్‌లో (బోర్డు మొదటి సెట్టింగులు) రీసైజబుల్ బార్, అంటే కార్డు మెమరీ మొత్తాన్నీ సీపీయూ ఒకేసారి అందుకునే సదుపాయం, లేకపోతే కుంటుతుంది. మీ బోర్డు వయసుకి ఆ సదుపాయం ఆశించలేం.

అన్నిటికన్నా కిందది జీటీ 1030. 30 వాట్లని మురిసిపోయి దాని జోలికి వెళ్లేరు. అందులోనూ మళ్లీ రెండు రకాలు. జీడీడీఆర్5 ఉన్నది సెకనుకి 48 గిగాబైట్లు మోస్తే, డీడీఆర్4 ఉన్నది 16.8 మాత్రమే. బోదె మీద పెద్ద ఆయకట్టు పెట్టినట్టు, వెనక ఎంత ఉన్నా చేలోకి వచ్చేది అంతే. కార్డులో ఎన్ని జీబీలున్నాయని ఒక్కటే అడిగి, ఏ మెమరీ అని అడగనివాడికే షాపులో డీడీఆర్4 అంటగడతారు.

కొత్తగా పీసీ కొనేవాళ్లుంటే కార్డు లేకుండా రైజెన్ 5 8600జీ లాంటిది చూడమనండి. అందులో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, 65 వాట్లు. ర్యామ్ మాత్రం ఒకటే పెద్దది కాకుండా రెండు స్టిక్కులు వేయాలి.

సెకండ్ హ్యాండ్‌లో 1050 టీఐ పేరుతో పాత జీటీఎస్ 450ల బయోస్ తిరగరాసి అమ్మేవాళ్లున్నారు. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ అలాంటి దొంగ కార్డుల్ని చాలావరకు పట్టుకుని పేరు ముందే "ఫేక్" అని చూపిస్తుంది. అది నడిపి చూపిస్తేనే డబ్బివ్వండి. 1050 టీఐకి నీలం రంగు వీజీఏ గూడు కనిపిస్తే అక్కడే అనుమానించండి. ఆర్‌ఎక్స్ 580లు కారుచౌకగా కనపడతాయి. గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం అనే క్రిప్టో నాణెం సంపాదించే మైనింగ్ 2022 సెప్టెంబరులో ఆగిపోయాక బజార్లో పడ్డ సరుకు చాలా ఉంది అందులో. పైగా 185 వాట్లు. చూసి నమస్కారం పెట్టి వచ్చేయండి.

కొన్నాక పెట్టె విప్పుతారు గదా. ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేయండి. మన ఉప్పుగాలికి స్లాటు అంచుల్లో పచ్చగా చిలుం పట్టిందేమో, బల్లి గుడ్లు పెట్టిందేమో టార్చి వేసి చూడండి. నవ్వకండి, నేను చూశాను. మెత్తటి బ్రష్‌తో దులిపి, చెయ్యి పెట్టె ఇనుముకి ఒకసారి ఆనించి, అప్పుడు కార్డు ముట్టుకోండి. స్లాటు చివర గొళ్లెం టక్కుమనేదాకా నొక్కాలి, తర్వాత స్క్రూ.

ఒట్టికాళ్లతో నిలబడి పెట్టెని తాకితే చిన్నగా జిర్రుమంటోందని అమ్ములు అంది. అది కార్డు తప్పు కాదు, ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదు. ప్లగ్గులో మూడో పిన్ను పేరుకే ఉండి లోపల వైరు లేని ఇళ్లు మన వైపు బోలెడు. కొత్త కార్డు పెట్టేముందే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ కట్టించమని నాన్నతో నా మాటగా చెప్పండి. కొబ్బరి డబ్బుల్లోంచి ముందు ఖర్చు పెట్టాల్సింది దానికే.

డ్రైవర్ వేశాక ఎన్విడియా సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటు 60 దగ్గర ఆపేయండి. మీ మానిటర్ చూపించగలిగేది సెకనుకి 60 బొమ్మలే, అంతకు మించి కార్డు గీసినవన్నీ వేడి కోసం గీసినట్టే. ఇక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు గూట్లో కాకుండా కార్డు గూట్లోనే పెట్టాలి. చాలామంది పాత చోటే ఉంచేసి, కార్డు పనిచేయడం లేదని షాపు మీదకి పోతారు. మీ మానిటర్ పాత వీజీఏది, కొత్త కార్డులకు ఆ గూడు ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కావాలి, భీమవరంలో దొరుకుతుంది. బిల్లు, బాక్సు వారంటీ అయ్యేదాకా పారేయకండి.

ఇట్లు,
మీ తాతయ్య